ఆఖరి పేరా

మా ప్లీడరుగారు ఎంపీ అయిన రోజు ఊరంతా టపాసులు కాల్చింది. నాకు మాత్రం ఒకటే ఆరాటం: అక్కడ వాయిదాలు ఎవరు వేస్తారు? బెంచి క్లర్కు ఉంటాడా? పేరు పెట్టి పిలిచేదెవరు? నవ్వకండి. ఇరవై ఆరేళ్ళు మా ఊరి కోర్టు చుట్టూ తిరిగినదాన్ని, ఇంతకంటే పెద్ద సందేహాలు నాకెక్కణ్ణుంచి వస్తాయి? టైపిస్టుగా చేరి, ఆయన దగ్గరే గుమాస్తానయ్యాను. ఫ్యాను కింద కళ్ళు మూసుకుని ఆయన చెబుతుంటే నేను కొట్టేదాన్ని. ఎన్ని దావా కాగితాలు కొట్టానో ఆ పైవాడికే తెలియాలి.

గెలిచాక అన్నవరం వెళ్ళి వ్రతం చేసుకొచ్చారు. ఆకులో ప్రసాదం నా బల్ల మీద పెట్టి, "ఏమ్మా, ఢిల్లీ వస్తావా?" అన్నారు.

"ఆ చలి నాకు పడదండి. అయినా నేనొస్తే ఇక్కడ తలుపులు తీసేదెవరండీ?" అన్నాను.

అలా ప్లీడరుగారి ఆఫీసు ఎంపీగారి ఆఫీసైంది. బల్లలూ నేనూ మారలేదు, వచ్చే జనం మారారు. గట్టు తగాదాలు పోయి రోడ్లు, ఆస్పత్రులు, మా స్టేషన్లో రైలు ఆగాలనే అర్జీలు మొదలయ్యాయి. ఎవరొచ్చినా ఆయన పద్ధతి మాత్రం పాతదే. మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, "మొదట్నుంచి చెప్పండి" అనేవారు.

చలికాలం చివర ఒక శనివారం, సముద్రపొడ్డు పల్లె నుంచి ఒకామె వచ్చింది. బజార్లో చేపలమ్ముకునే మనిషి. గుమ్మంలో నిలబడే, "మొగ తవ్వించండి బాబుగారూ" అంది.

"ఉండమ్మా. కూర్చో. మొదట్నుంచి చెప్పు" అన్నారు ఆయన.

పాపం, చెప్పింది. ఏరు సముద్రంలో కలిసే చోటుని వాళ్ళు మొగ అంటారు. అది ఇసుకతో పూడిపోయింది. బోటు బయటికి పోవాలన్నా, లోపలికి రావాలన్నా పోటు కోసం కాసుక్కూర్చోవాలి. కిందటేడు వీళ్ళ బోటు ఆ ఇసుక దిబ్బకి తగిలి తిరగబడింది. మొగుడి భుజం విరిగింది. ఆ చెయ్యి ఇప్పటికీ పైకి లేవదు.

"ఎండల్లో వేట నిషేధం పెడతారు కదండీ. అది ఎత్తేసే నాటికి మొగ తవ్వకపోతే బోటు అమ్మేసుకోడమేనండి. మళ్ళీ అందులోంచి ఆయన్ని పంపించి, ఒడ్డున నిలబడి చూసే ఓపిక నాకు లేదండి" అంది.

స్థలం చూడకుండా దావా రాయకపోవడం మా ప్లీడరుగారి అలవాటు. మర్నాడే బయల్దేరారు. నేనూ వెళ్ళాను, చూడాలని నాకు మహా కుతూహలం. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఆయన మొగలోకి దిగారు. ఏటి నడిమధ్య నిలబడితే నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి, అంతే! గట్టు మీదున్న మగాళ్ళంతా నవ్వారు గానీ ఆయన నవ్వలేదు.

సభలో మాట్లాడ్డానికి పేర్లు చీట్లేసి తీస్తారట, మన చీటీ తగలాలట. సమావేశాలు ఇంకో రెండు రోజుల్లో ముగుస్తాయనగా తగిలింది. ఆయన ఫోన్ చేసి సంగతులన్నీ గబగబా చెప్పి, "తెలుగులోనే మాట్లాడతాను. నువ్వే ఒక వరసలో పెట్టి పంపమ్మా" అన్నారు. పెట్టాను. గర్వంగానే పెట్టాను. నేను కొట్టిన కాగితం దేశం మొత్తం వింటుందంటే మాటలా!

ఆ మధ్యాహ్నం ఆమే, ఆమె మొగుడూ ఆఫీసుకొచ్చారు. లా పుస్తకాల దొంతరకి నా ఫోన్ ఆనించి పెట్టాను. సభలో మా ప్లీడరుగారు లేచారు. ఏ జిల్లా, ఏ ఏరు, ఎన్ని కుటుంబాలు, తుఫాన్లకి ఇసుక ఎలా మేట వేసింది, బోటు ఎలా తిరగబడింది, ఆహా, గంగా ప్రవాహమే. చెయ్యి లేవని ఆ మనిషి తన కథ వింటూ కళ్ళు తుడుచుకున్నాడు.

టైమైపోయిందని బెల్లు మోగింది.

అక్కడ బెల్లు కొట్టినా ఎవరూ కూర్చోరని తర్వాత తెలిసింది. మూడుసార్లు కొట్టినా అరుస్తూనే ఉంటారు. మా ప్లీడరుగారి బుద్ధి అలాంటిది కాదే! జడ్జిగారు కలం కింద పెడితే సగం మాటలో ఆగిపోయే మనిషి. కాగితం మడిచి, వంగి నమస్కారం పెట్టి కూర్చున్నారు.

ఆమె నావైపు చూసింది. "అయిపోయిందాండీ? మొగ తవ్వమని అన్లేదు కదండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అడగందే అమ్మైనా పెట్టదంటారే, మరి ప్రభుత్వం పెడుతుందా? సాయంత్రం ఫోన్ చేసి చెడామడా దులిపేశాను. "బెల్లు కొడితే మాత్రం కూర్చుంటారాండీ? ఒక్క మాట! ఆ ఒక్క మాట అనేసి కూర్చోవచ్చు కదండీ!"

ఆయన అంతా విన్నారు. తర్వాత మెల్లిగా, "ప్రేయర్ ఎక్కడ పెట్టావమ్మా?" అన్నారు.

ప్రేయరంటే, కోర్టువారు మాకు ఫలానాది ఇప్పించాలి అని అడిగే మాట. దావాలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది అన్నీ రాశాక, దాన్ని ఆఖరి పేరాలో పెడతాం. అక్కడ కాకుండా ఇంకెక్కడ పెట్టాలో నాకు ఎవరూ నేర్పలేదు.

"ఆఖరి పేరాలోనండీ" అన్నాను.

"నేనూ గమనించలేదులే. నాకూ అక్కడే అలవాటు" అన్నారు.

మళ్ళీ సభ కూడేది వానాకాలంలోనే. ఈలోగా ఆయన ఉత్తరాలు రాశారు, ఆఫీసుల మెట్లెక్కారు. పరిశీలిస్తామన్నారు. వేట నిషేధం ఎత్తేశారు. మొగ అలాగే ఉంది.

వానల్లో మళ్ళీ చీటీ తగిలింది. ఈసారి కాగితం వద్దన్నారు. "ఆవిడ మొదటి రోజు గుమ్మంలో ఏమందో గుర్తుందా?"

"మొగ తవ్వించండి బాబుగారూ, అందండి."

అదే మాటతో మొదలుపెట్టారు. బెల్లు కొట్టగానే మళ్ళీ బుద్ధిగా కూర్చున్నారు. కొట్టనీ, అడగాల్సింది అడిగేశారు! నేను ఒక్కదాన్నే ఆఫీసులో చప్పట్లు కొట్టాను. వానలు తగ్గాక ఇసుక తోడే యంత్రం వచ్చింది. ఇంత చిన్న సంగతా అని ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది నాకు.

ఆ వారమే ఆమె వచ్చింది, బుట్టతో.

"యంత్రం వచ్చిందండి. చెప్పి పోదామని వచ్చాను" అంది.

"మీ బోటు?"

"నిషేధం ఎత్తేసిన నాడే అమ్మేశాం కదండీ. పోన్లెండి, మిగతావోళ్ళ బోట్లు వేటకి పోతాయి."

ఇక దాచుకోలేకపోయాను. "అప్పుడా కాగితం కొట్టింది నేనేనమ్మా. అడగాల్సింది చివర్న పెట్టేశాను. నా తప్పే" అన్నాను.

ఆమె కోప్పడితే బాగుండేది. "మీరేం చేస్తారు లెండి మేడంగారూ. నేను రాగానే చెప్పేశానండి. బాబుగారే మొదట్నుంచి చెప్పమన్నారు" అంది.

లోపలి గదిలో ఆయన కుర్చీ కిర్రుమంది. బయటికొచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డారు. కూర్చోమనలేదు, మంచినీళ్ళు ఇప్పించలేదు.

"ఇప్పుడు నీకేం కావాలమ్మా?" అన్నారు.

"ఇప్పుడేం వద్దండి బాబుగారూ" అని ఆమె బుట్ట నెత్తికెత్తుకుంది.