రాని గొట్టానికి రాసిచ్చిన చేను

ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. సర్వేవాళ్లు గొలుసులు, ఎర్రజెండాలు పట్టుకుని పొలాలకు అడ్డంగా నడుచుకుంటూ వచ్చి మా ఊరి గుట్ట దగ్గర ఆగారు. గొట్టం వేస్తారట. గుట్టకు ఈ పక్కనుంచి పోనివ్వాలా, ఆ పక్కనుంచా అని తర్జనభర్జన పడుతున్నారు. ఈ పక్క మా చేను, ఆ పక్క చిన్నాయన చేను. గొట్టమంటే మా సీమలో నీళ్లు తప్ప ఇంకేం తోస్తుంది ఎవరికైనా? నాయన వాళ్లకు మజ్జిగ పోయించి, "ఈ పక్కే తీసుకపోండప్పా, మాది మెత్త నేల" అని బతిమాలాడు. వాళ్లకు రెండు పక్కలూ ఒకటే. మా చేను నట్టనడుమ రెండు వరసల రాళ్లు పాతి వెళ్లారు. తమ్ముడికి పోయే నీళ్లు తన వైపు తిప్పుకున్నానని నాయన లోలోపల మురిసిపోయాడు. నేనూ మురిశాను, అబద్ధమెందుకు.

అప్పటికి నేను కళ్యాణదుర్గం తాలూకా ఆఫీసులో టైపిస్టును. కొన్ని నెలలకు ఒక నోటీసు టైపు చేయమని నా బల్ల మీద పెట్టారు. గొట్టంలో పోయేది నీళ్లు కాదు, గ్యాసు. భూమి రైతుదే, దున్నుకోవచ్చు, పైరు పెట్టుకోవచ్చు. అడుగున వాడుక హక్కు మాత్రం ప్రభుత్వానిది. రాళ్ల నడుమ బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు, ఇల్లు కట్టకూడదు. సర్వే నంబర్లు కొట్టుకుంటూ పోతే మాదీ వచ్చింది. మా చేనులో బావికని గుర్తు పెట్టుకున్న పల్లపు చోటు సరిగ్గా ఆ రాళ్ల నడుమే ఉంది. చేను మాదేనట, నీళ్లు మాత్రం తోడుకోకూడదట. ఇలాంటి చట్టం రాసినవాడు ఒక్క ఎండాకాలం మా ఊళ్లో ఉండి ఉంటే బాగుండేది.

ఇరవై ఒక్క రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. నేనే అర్జీ టైపు చేసి, వేలిముద్ర వేయమని నాయన ముందు పెట్టాను.

"పిలిచి మజ్జిగ పోసింది నేను. ఇప్పుడు వద్దని ఏ మొహం పెట్టుకోని చెప్పేది?" అన్నాడు.

"మొహం కడుపు నింపుతుందా నాయనా?" అని అరిచాను. ఆయన వేలిముద్ర వేయలేదు. గడువు దాటిపోయింది.

ఆ మరుసటి ఏడు చిన్నాయన తన చేనులో బావి తవ్వితే నీళ్లు పడ్డాయి. వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళకు మా పైరు వాడిపోతుంటే ఆయనే వచ్చి, "కాలవ తీసుకోన్నా, తడి నేనిస్తా" అన్నాడు. గుట్టను చుట్టి వచ్చే కాలువ ఆ రాళ్ల నడుమ నుంచే రావాలి. అక్కడ అడుగు లోతు తవ్వాలన్నా అనుమతి ఉండాలని ఆఫీసువాళ్లు ముందే చెప్పిపోయారు.

"కాగితం తెస్తే తవ్వుతా పాపా" అన్నాడు నాయన.

ఆఫీసులో అడిగితే పైనుంచి రావాలన్నారు. పైనుంచి వచ్చేలోగా చేనులో కట్టెలే మిగులుతాయి. అందరూ భోజనాలకు పోయినప్పుడు నేనే ఒక అనుమతి టైపు చేశాను. కింద అధికారి సంతకం పెట్టే ధైర్యం లేకపోయింది. నాయనకు చదువు రాదు కదా అనుకున్నాను. ఆయన దాన్ని మడిచి నడుముకు దోపుకుని కాలువ తవ్వాడు. రెండు తడులు పారాయి. ఏ జీపు మా ఊరివైపు తిరిగినా లేచి వాకిట్లోకి పోయి చూసేదాన్ని.

ఒక ఆదివారం జీపు రానే వచ్చింది. అధికారి కాలువ చూసి, ఎవరు తవ్వమన్నారని అడిగాడు. నేను గట్టు మీద నుంచి నాయన నడుము వైపే చూస్తున్నాను. నాయన చెయ్యి నడుము దగ్గరికి పోలేదు.

"ఎవురూ చెప్పల్యా సామీ. నేనే తవ్వినా" అన్నాడు.

ఆయన పారతోనే ఆయన చేత కాలువ పూడిపించారు. ఇంటికొచ్చి నాయన ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టాడు.

"సంతకం ల్యాని అనుమతి ఉంటాదా పాపా? ఇచ్చినపొద్దే చూసినా. బయట పెట్టింటే నీ ఉద్యోగం పోయేది" అన్నాడు.

ఆ పైరు ఎండిపోయింది. గొట్టం ఇప్పటికీ రాలేదు, నోటీసు రద్దయిందని ఎవరూ చెప్పలేదు. కాగితం పొయ్యిలో కాలిన ఆ పొద్దు నా చేతులు విరగ్గొట్టుకోవాలనిపించింది. మరునాడు అదే చేతులతో ఆఫీసుకు పోయి, పక్క ఊరి రైతుల నోటీసులు టైపు చేశాను.