మొప్ప మీద ఆల్చిప్ప పిల్ల

మైక్రోస్కోపులో కనిపించినదాన్ని నల్ల సిరా చుక్కలతో కాగితం మీద పెట్టడం ఆవిడ పని. అందుకే కాలేజీలో అందరూ చుక్కలమ్మ అంటారు. ఎడమ కన్ను స్లైడు మీద, కుడి కన్ను కాగితం మీద. రెండూ తెరిచే ఉంటాయి. "నిద్రలో కూడా ఒక కన్ను నా మీదే వేసి ఉంచుతుంది" అంటాడు ఆవిడ భర్త, షాపుకి వచ్చినవాళ్లతో. ఆయన దర్జీ.

ఆవిడ బొమ్మలు చాలా పుస్తకాల్లో వచ్చాయి. పేరు ఎక్కడా రాలేదు. ఈసారి మంచినీటి చేపల మీద పాఠ్యపుస్తకం రాస్తున్న ప్రొఫెసరు, బొమ్మ కింద పేరు వేయిస్తానని మాట ఇచ్చాడు. అది విన్న రోజే దర్జీ, కుట్టుమిషను పైన గోడకి ఆ పుస్తకం కోసం ఒక చెక్క బిగించాడు.

"పుస్తకం రాకముందే సింహాసనమా?" అంది.

"కొలతలు ముందే తీసుకోవాలోయ్. మా పని అంతే."

మొప్ప బొమ్మకి వానాకాలమంతా పట్టింది. వంపు తిరిగిన సన్నని ఎముక. దాని లోపలి వైపు దువ్వెన పళ్లలాంటి ముళ్లు; నీళ్లతో పాటు వచ్చిన మేతను పట్టి ఆపేవి అవే. ఆ ముళ్ల మీద అక్కడక్కడా రుచి మొగ్గలు, చిన్న ఉల్లిపాయల్లా. ఎముకకి బయటి వైపు రేకులు, ప్రతి రేకుకీ రెండు పక్కలా పల్చని పొరలు. చేప ఊపిరి పీల్చేది వాటితోనే.

"ఇన్ని కుచ్చిళ్లా! దీన్ని కుట్టినవాడెవడో గానీ బట్ట దగ్గర పిసినారి కాదు" అన్నాడు దర్జీ.

ఆ కుచ్చిళ్ల మధ్య ఒకచోట రెండు బుల్లి డిప్పలు రేకును కరుచుకుని ఉన్నాయి. ఆల్చిప్ప పిల్ల. చేప చర్మం దాన్ని కప్పేసింది. కొన్నాళ్లు అలాగే ఉండి, ఎదిగి, జారిపోతుంది. కాలేజీ వెనక కాలువలో పట్టిన ఆ చేపల స్లైడుల్లో ఏది చూసినా అది ఉంది. ఆవిడ దాన్నీ వేసింది.

ప్రొఫెసరు బొమ్మను కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూశాడు.

"చాలా బాగా వచ్చిందమ్మా. ఆ ఆల్చిప్ప పిల్లని మాత్రం తీసేయ్."

"ఎందుకు సార్?"

"చదివే పిల్లలు అదీ మొప్పలో భాగమే అనుకుంటారు. పరీక్షలో గీసి పెడతారు. మనకి కావలసింది శుభ్రమైన మొప్ప."

అందులో నిజం లేకపోలేదు. ఆవిడ కాస్త ఆలోచించింది. సిరా పోవాలంటే బ్లేడుతో గీకాలి. సొరుగులోంచి బ్లేడు తీసి ఆయన ముందు పెట్టింది.

"నేను గీకను సార్. మీరు గీకండి."

ఆయన బ్లేడు పట్టుకున్నాడు. డిప్పల చుట్టూ ఉన్న చుక్కలు చూశాడు. మళ్లీ కింద పెట్టేశాడు.

"కంటికి ఆనని నలుసు కోసం ఇంత మొండితనమా?"

"నా కంటికి ఆనింది సార్. అది ఆల్చిప్ప పిల్ల అని పక్కనే రాయించండి, ఎవరూ పొరబడరు."

"పేజీలో చోటేదీ? ఉన్నదల్లా బొమ్మ కింద నీ పేరు వేసే ఆ ఒక్క వరుసే."

ఆవిడ చూపు కాసేపు ఆ ఖాళీ మీద నిలిచింది. చెక్క బిగించిన గోడ గుర్తొచ్చింది.

"అయితే దాని పేరు వేయండి. నాది తీసేయండి."

"బాగా ఆలోచించే అంటున్నావా?"

"బ్లేడు లోపల పెట్టేస్తున్నాను సార్."

పుస్తకం వచ్చిన రోజు దర్జీ చేతులు కడుక్కుని మరీ పేజీలు తిప్పాడు. బొమ్మ దగ్గర ఆగి, వేలు కిందికి జరిపాడు. చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"ఆల్చిప్ప పిల్ల. ఇన్నేళ్ల కాపురం తర్వాతా, నీ అసలు పేరు చెప్పేది?"

ఆవిడ జరిగింది చెప్పింది. ఆయన నవ్వడం మానేశాడు. పుస్తకాన్ని ఆ పేజీ దగ్గరే తెరిచి, చెక్క మీద వీధి వైపు తిప్పి, గాలికి మూసుకోకుండా పెద్ద కత్తెర బరువు పెట్టాడు.

"వచ్చినవాళ్లు ఆ డిప్పలేంటని అడిగితే ఏం చెప్పమంటావ్?"

"అది ఉంది, మా ఆవిడ వేసింది అని చెప్పండి."