ఉర్దియా ఎక్కే మిద్దె

అల్జీర్స్ పాతబస్తీలో, మెట్లసందులో పుట్టి పెరిగిన జహియా పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. ఆ ఏడు ఓ పిల్లి కథకు బొమ్మలు అడిగారు. ఏ ఊరివో తెలియని ఇళ్లు వేయడం ఆమెకు చేతకాదు. పిల్లిని తన సందులోకే దింపింది. పెచ్చులూడిన సున్నపు గోడలు, అవి కూలకుండా అడ్డంగా బిగించిన దూలాలు, కింద ఓడరేవు. ఎదురింటి మిద్దె మీద నీలం నీళ్లడ్రమ్ము, దాని చాటున సిగరెట్టు కాలుస్తున్న ఆడమనిషి. గోరంత బొమ్మే. అది లేకపోతే ఆ మిద్దె ఇంకెవరిదో అన్నట్టు ఉంది.

ఆ మనిషి ఉర్దియా. భర్త పోయి ఎనిమిదేళ్లు. బావగారి పంచన ఇంటెడు చాకిరీ చేసి, పొద్దువాలేలోగా ఓ పావుగంట మిద్దెక్కేది. ఇవతల జహియా కనబడితే పెదవుల మీద వేలుంచి నవ్వేది.

పుస్తకం బడికి చేరింది. పిల్లలు ఇట్టే పట్టేశారు.

"ఒరేయ్, ఇది మన సందేరా! ఉర్దియా అత్త చూడు, పొగ వదుల్తోంది!"

మాట బావగారి చెవిన పడింది. మూడోనాటికి ఆ మిద్దె తలుపుకు తాళం పడింది.

నేనెవరికీ చెప్పలేదే, బొమ్మేగా వేశాను అని జహియా తనకు తానే సర్దిచెప్పుకోబోయింది. కానీ ఆ డ్రమ్ము నీలం అచ్చం కుదరాలని మూడుసార్లు రంగు కలిపింది తనే. ఉర్దియాకు ఎదురుపడలేక రొట్టెల కోసం దూరపు కొట్టుకు పోయేది. రెండో ముద్రణ అనగానే ఆ మనిషిని చెరిపి, అక్కడ ఆరేసిన దుప్పటి గీసింది. అచ్చయిన పుస్తకం తీసుకుని, బావగారు లేని వేళ చూసి తలుపు తట్టింది.

ఉర్దియా ఆ పేజీ తీసి దుప్పటి మీద వేలుపెట్టింది.

"నేనేదీ?"

"తీసేశాను పిన్నీ. తప్పంతా నాదే."

"తీసేస్తే తాళం ఊడుతుందనుకున్నావా?"

జహియా పుస్తకం మూయబోతే ఉర్దియా పేజీ మీద చెయ్యి అడ్డంపెట్టింది.

"మా ఇంట్లో పుస్తకం బావగారు చింపేశారులే. పోనీ, ఏ పిల్లదాని ఇంట్లోనో నేనింకా మిద్దె మీదే కూర్చున్నాననుకున్నా. నువ్వు అక్కణ్ణుంచి కూడా దింపేశావు కదే!" పుస్తకం తిరిగిచ్చేసి, "కూర్చో, కాఫీ తాగి పో," అంది.

మర్నాడు జహియా తన దగ్గరున్న ఒకే ఒక్క పాత ప్రతిని రవ్వసంచిలో దాచి తెచ్చిచ్చింది. ఉర్దియా దాన్ని పరుపు కిందికి తోసింది.

తాళం మాత్రం అలాగే ఉంది. జహియా ఇప్పటికీ మిద్దెక్కితే ఓడరేవు వైపే చూస్తుంది, ఎదురింటి వైపు చూడలేకపోతుంది.