మెమరీలో పోసిన రాశి

అంబాజీపేటలో నేను పనిచేసిన కొబ్బరి కొట్టులో మధ్యాహ్నం భోజనాల వేళకి కంప్యూటర్ ఆపేసేవారు. పొలంలో మోటారుకి విశ్రాంతి ఇవ్వడం యజమానిగారి అలవాటు. ఆ మర్యాద దీనికీ చేసేవారు. డబ్బా మీద చెయ్యి పెట్టి, "వేడెక్కిందమ్మా, కాసేపు పడుకోనీ" అంటూ స్వయంగా స్విచ్చి నొక్కేవారు. రెండువేల సంవత్సరం దాటాకే ఇదంతా. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, అప్పుడు నాకు నవ్వొచ్చేది కాదు.

ప్రతి లారీకీ ఏ తోట కాయ, ఏ సైజు, ఏ రాష్ట్రానికి అన్న కాగితం తీసివ్వడం నా పని. ప్రోగ్రాం రాసినాయన రాజమండ్రిలో ఉండేవారు. ఆయన పద్ధతిలో కాగితానికో క్వెరీ, అంటే ప్రతిసారీ లెక్కల్ని కొత్తగా ఓ ప్రశ్న అడగడం. ప్రతి క్వెరీ ఏళ్ల కొనుగోళ్లన్నీ మొదటినుంచీ వెతుక్కుంటూ వచ్చేది. ఈలోపు డ్రైవర్లు నా కిటికీ దగ్గర బీడీలు కాలుస్తూ నన్ను తిట్టుకునేవారు.

నాకు ఒళ్లు మండిపోయింది. వచ్చిన ప్రతి బేరానికీ చెట్టెక్కుతామా? ఒకసారి దింపి రాశి పోస్తాం, అందరికీ అందులోంచే ఇస్తాం. అందుకే ఒకరోజు పొద్దున్నే, ఆ రోజు వెళ్లాల్సిన సరుకు వివరాలన్నీ ఒక్కసారే వెతికించి, మెమరీలో టెంపరరీ టేబుల్, అంటే ఆ రోజు మట్టుకో పట్టిక, చేసి పెట్టాను. తర్వాత ఏ లారీ వచ్చినా ఆ టేబుల్‌నే అడిగాను. కాగితాలు చిటికెలో వచ్చాయి. ఒక్కటే షరతు, తెరిచిన కనెక్షన్ మూయకూడదు. మూసినా, కంప్యూటర్ ఆపినా ఆ టేబుల్ పోతుంది. అసలు లెక్కలు మాత్రం డిస్కులో భద్రంగా ఉంటాయి. ఈ సంగతి యజమానిగారికి చెప్పి, ఈ పూట ఆపొద్దని మరీ మరీ చెప్పి భోజనానికి వెళ్లాను.

ఆపేశారు. మళ్లీ వెలిగించి, నేను వెళ్తూ చూపించిన బొత్తాం నొక్కితే "టేబుల్ లేదు" అని వచ్చింది. ఆయన కంగారుగా రాజమండ్రికి ఫోన్ చేస్తే, మీ కొట్టులో అమ్మాయే చెరిపేసి ఉంటుందని అటునుంచి తీర్పు.

మా తాత యజమానిగారి తండ్రి తోటలో కాయలు దింపినవాడు. ఆ సంగతి ఆయన మర్చిపోలేదు, నన్నూ మర్చిపోనివ్వలేదు. నేను రాగానే డ్రైవర్లందరి ముందూ, "చదువుకున్నావు కదాని కుర్చీ ఇస్తే లెక్కలన్నీ తుడిచేసేవా? రేపట్నుంచి ఫోన్లెత్తు, చాలు" అన్నారు.

కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతోనే.

"లెక్కలెక్కడికీ పోలేదండీ. పోయింది నేను పొద్దున్న పోసుకున్న రాశి. దాన్ని పోగొట్టింది మీ స్విచ్చి" అని పాత కొనుగోళ్లన్నీ తెర మీద వరసగా చూపించాను.

ఆయన కాస్త తగ్గారు. "సరేలేమ్మా. మనకెందుకొచ్చిన గొడవ, పాత పద్ధతిలోనే కానివ్వు."

"కానివ్వనండీ" అన్నాను. ఆయనకి ఎదురు చెప్పినవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

మర్నాడు మళ్లీ టేబుల్ చేశాను. మధ్యాహ్నం రోజూ తినే గోడౌను మెట్ల మీదకి పోకుండా కుర్చీలోనే క్యారేజీ విప్పాను. ఆయన లోపలికొస్తే అందరం లేచి నిలబడటం ఆ కొట్టు ఆచారం. నేను లేవలేదు. ఆయన చెయ్యి స్విచ్చి దాకా వచ్చింది. దాని మీద అప్పటికే నా ఎడంచెయ్యి ఉంది.

"కాలిపోద్దమ్మా!"

"ఆయ్, కాలితే నన్ను తీసెయ్యండి. ఆపితే మాత్రం నేనే ఎల్లిపోతాను. ఎందుకెల్లేనో ఈ డ్రైవర్లందరికీ చెప్పి మరీ ఎల్తానండీ."

కిటికీలోంచి ఒక డ్రైవరు, "కాగితం ఇప్పించండమ్మా, పొద్దుపోతంది" అన్నాడు. నా కుడిచెయ్యి అన్నంలో ఉంది, ఎడంచెయ్యి స్విచ్చి మీద. యజమానిగారు నన్ను చూశారు, కిటికీ బయట వరసకట్టిన లారీలని చూశారు.

"నువ్వు తినమ్మా," అన్నారు చివరికి. "ఏది నొక్కాలో మళ్లీ చెప్పు, కాగితం నేను తీస్తాను."

చెప్పాను. కూర్చునే చెప్పాను.