వేషంలో ఉన్నవాడికి నీళ్లు

మొన్న జడ్చర్లలో నల్లగొండ బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరికిన సంతోషంలో ఫోన్ తీసి పాత జపాను సినిమా ఒకటి పెట్టుకున్నాను. సముద్రంలోంచి లేచిన కొండంత మృగం అట్టముక్కల పట్టణాన్ని తోకతో ఊడ్చేస్తోంది. పక్కన కూర్చున్న అమ్మాయి కాలేజీ పిల్లలా ఉంది. కాసేపు నా ఫోన్ వంక, కాసేపు నా నెరిసిన జుట్టు వంక చూసి, మనవడి కోసం పెట్టుకున్నానా అని మర్యాదగానే అడిగింది. నాకు మనవలు లేరు. నా కోసమేనని చెప్పి, ఇయర్‌ఫోన్‌లలో ఒకటి ఆమె చేతికిచ్చాను. కల్వకుర్తి దాటేదాకా తిరిగివ్వలేదు. యాభై ఎనిమిదేళ్ల సైన్సు టీచరు ఇలాంటివి చూడకూడదని ఏ జీవోలోనూ లేదు. ఉన్నా చూసేదాన్నే.

ఈ పిచ్చి నాకు అంటుకున్నది తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఫోన్లలో నెట్టు చవకైన కొత్తలో. ఎనిమిదో తరగతి పిల్లలకు అగ్నిపర్వతం చూపిద్దామని వెతుకుతుంటే, ఆ అగ్నిపర్వతంలోంచి కొమ్ములున్న మృగమొకటి బయటికొచ్చింది. పాఠం పక్కనపెట్టి సినిమా చివరిదాకా చూశాను. అప్పటికి అమ్మ పోయింది. బాపు నల్లగొండలో నా కిరాయి ఇంట్లోనే ఉండేవాడు. మా ఊరి ఫ్లోరైడ్ నీళ్లకు ఆయన నడుము వంగిపోయి, మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి తప్ప ఎక్కడికీ కదల్లేడు. టీవీ సీరియళ్లంటే ఆయనకు మంట. అందరూ నిలబడి మాట్లాడటమే తప్ప ఒక్కరూ పని చెయ్యరని తిట్టేవాడు. ఓ ఆదివారం ఫోన్‌లోని సినిమాను టీవీకి కలిపి నేను చూస్తుంటే, కుర్చీలో ముందుకు వంగి, మృగం మోకాళ్ల వంక కళ్లు చిట్లించి చూసి, "లోపట మనిషున్నడు," అన్నాడు.

ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మేం బాప్తిస్మం తీసుకోకముందు, పీర్ల పండుగకు మా ఊళ్లో పులివేషం కట్టింది బాపే. ఒళ్లంతా పసుపుపచ్చ రంగు, నల్లచారలు, ముఖానికి పులిముఖం, వెనక తోక. డప్పు మోగుతుంటే ఊరంతా ఎగిరేవాడు. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్లు. ఆ పులి మా ఇంటిదని తోటిపిల్లల ముందు నేను పోయిన పోకడలు ఇన్నీ అన్నీ కావు. అలాంటి మనిషికి జపానువాళ్ల మృగం పరాయిదెందుకవుతుంది? తోక బరువు ఎటు లాగుతోందో, లోపలివాడికి కళ్లు ఎక్కడున్నాయో, ఎప్పుడు ఊపిరి అందక ఆగాడో కూర్చున్నచోటి నుంచి చెప్పేవాడు. రంగురంగుల బిగుతు బట్టల్లో ఐదుగురు వీరులు లోకాన్ని కాపాడే సీరియల్ కూడా పెట్టాను. వాళ్లు చేతులు తిప్పి, కాళ్లు చాపి వేషం మార్చుకునేంత సేపూ రాక్షసుడు ఓపిగ్గా నిలబడి ఉంటాడు. నేను పడీపడీ నవ్వాను. బాపు నవ్వలేదు. ఎదుటివాడు తయారయ్యేదాకా ఆగడం ఆటలో మర్యాదని నాకు బుద్ధి చెప్పాడు.

ఇంకో మర్యాద కూడా ఉండేది ఆయనకు. పోట్లాట మొదలవగానే నాతో చెంబుడు నీళ్లు తెప్పించి టీవీ ముందు పెట్టించేవాడు. మొదటిసారి ఎందుకని అడిగాను. "వేషంల ఉన్నోడు నీళ్లడుగడు బిడ్డా. సూసెటోళ్లకే సోయి ఉండాలె," అన్నాడు. ముఖం కట్టాక పులి మాట్లాడకూడదట. ఎంత దాహమైనా, ఎవరైనా కనిపెట్టి ఇస్తేనే తాగాలట. సినిమా అయ్యాక, అంత దూరం పంపలేం కదా అని ఆ నీళ్లు తనే తాగేసేవాడు.

మా అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. సంఘంలో పెద్దమనిషి, మాట నిక్కచ్చి. ఓ ఆదివారం ఆరాధన అయ్యాక, బాపు కోసం ప్రార్థన చేద్దామని చెప్పాపెట్టకుండా వచ్చాడు. గడపలోనే ఆగిపోయాడు. టీవీలో కొమ్ముల మృగం, దాని ముందు నీళ్ల చెంబు, ఎదురుగా వంగి కూర్చున్న బాపు. చూసేవాళ్లకు అది మొక్కుడులాగే ఉంటుందని అన్న ముఖం చూశాకే నాకు తట్టింది. టీవీ ఆపేసి, చెంబు తీసుకుపోయి వాకిట్లో కుమ్మరించాడు. రేపటినుంచి కొబ్బరికాయ కూడా కొడతారా అని అడిగాడు. అది మొక్కు కాదని చెప్పబోతే, పులివేషం మాట వినగానే ఇంకా భగ్గుమన్నాడు.

"గడపగడపకు ఎగిరి, దొరలు ఇసిరిన గింజలు ఏరుకున్నం. అండ్లకెళ్లి ఎల్లొచ్చి ఎన్నేండ్లాయె? మళ్ల గదే గుర్తుజేస్తున్నవా? బాపును నేను తీస్కపోత చెల్లె. ఆఖరి దినాలల్ల ఆయన చెవులల్ల దేవుని మాట పడాలె."

నాకూ ఒళ్లు మండింది. సిగ్గుపడాల్సింది గింజలు విసిరినవాళ్లు గానీ ఎగిరిన మనిషి కాదన్నాను. దేవుని మాట ఇక్కడా పడుతోంది, రోజూ బైబిలు చదివి వినిపిస్తున్నాను, అది వేరు ఇది వేరన్నాను. "బాపు ఎటూ రాడు. ఆయనకు ఇష్టమున్నన్నొద్దులు గీ టీవీ నడుస్తది," అన్నాను. అన్న బాపు వంక చూశాడు. బాపు, "నాకు మంచిగనిపిస్తాంది కొడుకా. ఉండనియ్యి," అన్నాడు. అన్న ప్రార్థన చేయకుండానే వెళ్లిపోయాడు. తరువాత వచ్చినప్పుడల్లా వాకిట్లోంచే పలకరించి పోయేవాడు. నేను మాత్రం ఒక్క ఆదివారం కూడా సినిమా తప్పించలేదు.

ఏడాది తిరక్కుండానే బాపు పోయాడు. జ్ఞాపకార్థ కూడికలో కుటుంబం నుంచి సాక్ష్యం చెప్పమన్నారు. వేషం సంగతి ఎత్తొద్దని అన్న ముందే కబురు పంపాడు. నేను లేచి ఎత్తాను. మా బాపు పులివేషగాడని, ఆ చుట్టుపక్కల అలాంటి పులి లేదని, కడదాకా వేషగాళ్ల ఆట చూసి ఆనందించాడని, తలెత్తి చెప్పాను. నా తరువాత అన్న లేచాడు. కడిగేస్తాడనుకుని నేనూ నడుం బిగించే కూర్చున్నాను.

"ఆట అయినంక బాపు ఇంటికొచ్చేటోడు. ఒంటిమీది రంగు కిరసనాయిలు గుడ్డతోటి నేనే తుడుస్తుంటి. తోలు లేసి వస్తుండె. ఏడిస్తె నేను బుగులు పడ్తనని పండ్లు బిగవట్టి ఊకుండెటోడు," అన్నాడు. "మా చెల్లె పులిని సూసింది. నేను పుండ్లను సూసిన."

అంతే చెప్పి కూర్చున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఒక్క ఇంట్లో, ఒక్క మనిషిని, ఇద్దరం ఇన్నేళ్లు వేరువేరుగా మోసుకు తిరిగాం. నేనంత గొప్పగా చెప్పుకున్న పులిని రాత్రికి మనిషిని చేసింది, పద్నాలుగేళ్ల మా అన్న. ఆ సంగతి తెలియకుండా అన్న మీద నేను గెలిచాననుకున్నాను.

అన్న ఈ సినిమాలు ఇప్పటికీ చూడడు, నేను చూడమని అడగను. కానీ నేను చూడటం మానలేదు, మానను. ఆ పుండ్లు నిజమే, ఆ పులీ నిజమే. ఇక మా ఇద్దరికీ మిగిలిన కాలం, ఇందులో ఒకదాన్ని అబద్ధం చేయడానికి చాలదు.