మస్తాన్ గురించి నేను చెప్పిన మాట

ఇక దాచుకోవడం నా వల్ల కాదు. ఏళ్ల తరబడి గుండెల మీద బరువుగా మోశాను. ఇవాళ మీకు చెప్పబోతున్నానంటేనే, ఎప్పుడు బయటపెడదామా అని మనసు ఒకటే తొందరపెడుతోంది.

మాది గురజాల. సైన్యంలో సుబేదారుగా మా యూనిట్ బండ్లన్నీ నేనే చూసుకునేవాణ్ని. ఏ పనులు మనమే చేసుకోవాలి, ఏవి కాంట్రాక్టుకు ఇవ్వాలి అని తేల్చే కమిటీలో నన్నూ వేశారు. ఎంత ఉబ్బిపోయానో! వంట మనదే, తోటపని బయటికి అని నేనంటే ఆఫీసర్లు తలలూపేవారు. బండ్ల రిపేరు దగ్గర పోటీ పెడదామన్నాను. కొన్ని లారీలు యూనిట్‌లోని మన రిపేరు షెడ్డుకు, కొన్ని కాంట్రాక్టరు గ్యారేజీకి. బాగా చేసినవాళ్లకే పని.

కాంట్రాక్టరే గెలవాలని నా పట్టుదల. లంచం తిన్నానా? లేదు. కొత్త పద్ధతి తెచ్చిన సుబేదారు అనిపించుకోవాలి, అంతే. మంచి లారీలు ఏరి గ్యారేజీకి పంపాను. తుక్కుకు దగ్గరపడినవి మన షెడ్డుకు తోశాను. ఒక్కో బండి గేటు దాటుతుంటే పేకాటలో జోకర్ పడినంత సంబరం! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది, మీ దగ్గర దాపరికమెందుకు?

కాంట్రాక్టరు గెలిచాడు. మన షెడ్డు మూతపడింది. అందులో తాత్కాలిక మెకానిక్ మస్తాన్‌ది దాచేపల్లి. మనవైపు వాడని నేనే పనిలో పెట్టించాను.

“అన్నా, ఆ కాంట్రాక్టరుకి నా గురించి ఒక్క మాట చెప్పు. ఊరికి పోయి ఏంది చేసేది?” అన్నాడు.

“చెప్తాలేరా,” అన్నాను.

కాంట్రాక్టరుతో వ్యవహారమంతా అప్పటికే నాకు అప్పగించారు. మస్తాన్‌ను తీసుకోమంటారా అని ఆయనే అడిగాడు. వాడు ఆ గ్యారేజీలో అడుగుపెడితే, ఏ లారీలు ఎటు వెళ్లాయో ఇట్టే కనిపెట్టేస్తాడు. వద్దండీ, వాడికి పని రాదు అనేశాను.

ఎందుకన్నాను? పట్టుబడతానన్న భయమా? కమాండింగ్ ఆఫీసరు భుజం తట్టిన ఆనందం ఎక్కడ పోతుందోననా? రెండూ అనుకుంటాను. మస్తాన్‌తో మాత్రం అడిగి చూశాను, ఆయన ఒప్పుకోలేదని చెప్పి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

మస్తాన్ ఇప్పుడు దాచేపల్లిలో రోడ్డు పక్కన సిమెంటు లారీలకు పంక్చర్లు వేస్తున్నాడు. నేను బస్సు దిగితే చాలు, పరుగున వచ్చి టీ ఇప్పిస్తాడు. నా కోసం అడిగి చూశావు కదన్నా, అదే చాలు అంటాడు. నేను తలూపి తాగుతాను.

వాడి ముందు నోరు విప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. మీకైనా చెబుతున్నాను. మస్తాన్‌కు పని బాగా వచ్చు. రాదని అబద్ధం చెప్పి వాడి పొట్ట కొట్టింది నేను. హమ్మయ్య, రాసేశాను.