నల్లచార దగ్గర విరిగిన ఉక్కు

ఆ రోజుల్లో నాకున్న భయం ఒక్కటే: ఫైనలియర్ ప్రాజెక్టు. (ఇప్పటి భయాలు రాయాలంటే పుస్తకం చాలదు.) హిందూపురంలో ఇంజనీరింగ్ చదువుతూ ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చిపోయేదాన్ని కనుక, రైలు పట్టా ఉక్కునే ప్రాజెక్టుగా తీసుకున్నాను. పోత పోసేటప్పుడు కార్బన్, మాంగనీసు అంతటా సమంగా కలవక ఒకచోట పోగుపడితే, చక్రాల బరువు పదే పదే పడి పట్టా అక్కడే ముందు చిట్లుతుందని నా వాదన. ఏది రాసిచ్చినా కొట్టేసే మా గైడుకు మేం పెట్టుకున్న పేరు కొట్టివేత సార్. "నువ్వు తెచ్చిన రెండు పట్టా ముక్కల్లోనూ సగటు కార్బన్ ఒకటే. మిషన్ మీద తేడా రాకపోతే ప్రాజెక్టు మళ్లీ మొదలు. డిగ్రీ వచ్చే ఏడాదే!" అని తేల్చేశారు.

పరీక్ష రోజు ముక్కలకు ఆసిడ్ పూశాను. ఒకటి నున్నగా ఉంది, రెండోదాంట్లో నల్లచారలు తేలాయి. ఒకే బరువు వేసి, ముక్క విరిగేదాకా తిప్పే రెండు మిషన్లకూ ఎక్కించాం.

"ఈ చారలు యాడివి పాపా?" అన్నారు సార్.

"సంకటి సరిగ్గా గెలకకుంటే పిండిగడ్డలు నిలుస్తాయి కద సార్, అట్లా. ముద్ద ఆడే పగులుతాది." (అనేశాక నాలుక కరుచుకున్నాను.)

ల్యాబంతా ఒకటే నవ్వు. "పట్టాలు పోత పోసేది మీ అవ్వనా?"

"మా అవ్వ పోసింటే గడ్డలే ఉండవు సార్!"

ఆ నవ్వులోనే టప్పుమని చప్పుడు. చారల ముక్క రెండయింది. సార్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "చార కాడే మొదలైండాది పగులు," అన్నారు మెల్లగా. నున్నటి ముక్క మాత్రం తిరుగుతూనే ఉంది. సార్ క్యారియర్ చల్లారిపోతోంది. "తినేసి రాండి సార్, ఇది ఇప్పట్లో ఇరగదు," అన్నాను, రాణిలాగా. ఆయన నవ్వి, నా ప్రాజెక్టు రికార్డులో సంతకం చేసి మరీ భోజనానికి కదిలారు.

ఆ సాయంత్రం పెనుకొండ దాటేలోపే రైలు పెట్టెలో అందరికీ నా విజయగాథ వినిపించాను. ఎదురుగా కూర్చున్న ఒక అవ్వ బెదిరిపోయింది. "అయితే మన రైలు కింద పట్టా ఇరగదా తల్లీ?"

"ఇరగదవ్వా! పరీక్ష చేసినాకనే ఏస్తారు. నేను చెప్తాండా కదా!" అన్నాను, ఆ దారి పొడుగునా పట్టాలన్నీ నేనే పోత పోయించినట్టు. అవ్వ నిశ్చింతగా కళ్లు మూసుకుంది.

మా పాప కాస్త దగ్గినా లేచి కూర్చునే ఈ రాత్రుల్లో, రైల్లోని ఆనాటి పిల్ల వచ్చి నా ఎదుట కూర్చుని, అదే గొంతుతో నాకూ ఒక్కమాట చెప్పిపోతే బాగుండనిపిస్తుంది.